మండలి గుమ్మం దగ్గర 76 ఏళ్ళు



పోయిన నెల గుడివాడలో స్టడీ సర్కిల్ అయిపోయి మెట్లు దిగుతుంటే, డిగ్రీ రెండో ఏడాది చదివే ఒక చెల్లి ఆపింది. వాళ్ళది నాగాయలంక వైపు ఒక పల్లె. "అన్నా, స్టేషన్లో కేసు కట్టరు, పైఆఫీసర్లు వినరు. మరి ఐక్యరాజ్యసమితికి ఉత్తరం రాస్తే ఏమవుద్ది?" అని అడిగింది. పక్కనున్న కుర్రాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఇదే ఆలోచన 1946లో బాబాసాహెబ్ అంబేద్కర్ కూడా చేశారు. ఆ చెల్లికి మెట్ల మీద రెండు మాటల్లో జవాబు చెప్పలేకపోయాను. ఈ భాగం ఆ జవాబే.

ముందు ఒక విషయం తేల్చుకుందాం. ఐక్యరాజ్యసమితి అనగానే మనకి గుర్తొచ్చేది భద్రతామండలి. యుద్ధాలు, వీటోలు, ఐదు పెద్ద దేశాలు. దాని పక్కనే ఇంకో మండలి ఉంది. పేరు ఆర్థిక సామాజిక మండలి. పొట్టిగా ఎకోసోక్ అంటారు. పేపర్లలో దాని పేరు పెద్దగా కనపడదు. కానీ తిండి, పని, చదువు, ఆరోగ్యం, మనిషి హక్కు, వివక్ష, ఇవన్నీ దాని కిందకే వస్తాయి. అంటే మన బతుకంతా.

అది ఎట్లా పనిచేస్తుంది? మీ మండల పరిషత్ సర్వసభ్య సమావేశం ఎప్పుడైనా చూశారా? వ్యవసాయశాఖ, విద్యాశాఖ, వైద్యశాఖ, కరెంటు వాళ్ళు వరసగా లేచి తమ పని గురించి చెబుతారు. సభ్యులు అడుగుతారు, కొన్ని తీర్మానాలు చేస్తారు. కరెంటు వాళ్ళకి జీతమిచ్చేది మండల పరిషత్ కాదు. అయినా అక్కడికొచ్చి జవాబు చెప్పాలి. ఈ ఎకోసోక్ ప్రపంచానికి అలాంటి సర్వసభ్య సమావేశం. అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ, యునెస్కో, ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి నివేదికలు ఇస్తాయి. వాటి పనులు ఒకదానికొకటి అడ్డం పడకుండా చూడటం, అన్ని దేశాలకూ సిఫార్సులు చేయటం దాని పని. సైన్యం లేదు. పెద్ద ఖజానా లేదు. ఆజ్ఞాపించే అధికారం లేదు. ప్రపంచ బ్యాంకు కూడా కాగితం మీద ఈ కుటుంబంలోదే, కానీ స్వతంత్రంగా నడుచుకునేలా ఒప్పందం రాయించుకుంది. 1998లో ఆ బ్యాంకు అప్పుతో మన రాష్ట్రంలో సంస్కరణలు నడిచాయి. అప్పుడు షరతులు పెట్టింది బ్యాంకే గానీ ఈ మండలి కాదు.

మండలిలో మొదట 18 దేశాలుండేవి. 1965లో 27 అయ్యాయి, 1973లో 54. ఎన్నికైన దేశానికి మూడేళ్ళ పదవీకాలం. కూర్చునేవాళ్ళు ప్రభుత్వాల ప్రతినిధులు. ఈ ముక్క గట్టిగా గుర్తుపెట్టుకోండి. అక్కడ కుర్చీ దేశానికి ఉంటుంది, ఆ దేశంలో అణగారిన మనిషికి ఉండదు.

కౌన్సిల్ అనే మాట మన కృష్ణా డెల్టాకి కొత్తదేం కాదు. 1611లోనే ఇంగ్లీషు కంపెనీ బందరులో వ్యాపార స్థావరం పెట్టింది. 1769లో ఉత్తర సర్కారుల పాలనని బందరులో ఒక చీఫ్‌కీ, ఆయనతో కూర్చునే కౌన్సిల్‌కీ అప్పగించింది. 1794లో ఆ కౌన్సిల్‌ని రద్దు చేసి కలెక్టర్లని పెట్టేదాకా జమీందార్ల శిస్తు సంగతి ఆ బల్ల దగ్గరే తేలింది. ఆ శిస్తు పండించింది ఎవరి చేతులు? దుక్కి దున్నిన పాలేర్లవి, నాట్లేసిన మన అమ్మమ్మల అమ్మమ్మలవి. ఆ బల్ల దగ్గర వాళ్ళని అడిగినవాడెవడూ లేడు. మన గురించి నిర్ణయాలు మనం లేని గదిలో జరగటం మనకి పాత సంగతి. కాబట్టి కొత్త మండలి వచ్చినప్పుడు అడగాల్సింది ఒకటే. ఈసారి గదిలో మనకి చోటుందా?

ఇప్పుడు 1946కి వెళ్దాం. జనవరి 23న లండన్‌లో ఎకోసోక్ మొదటిసారి కూర్చుంది. మొదటి అధ్యక్షుడు ఎవరో తెలుసా? ఆర్కాట్ రామస్వామి మొదలియార్. 1887లో పుట్టింది మన కర్నూలులో. జస్టిస్ పార్టీ నాయకుడు, బ్రాహ్మణేతర ఉద్యమంలో పెద్ద గొంతు. 1945లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్యసమితి చార్టర్ రాస్తున్నప్పుడు ఆర్థిక సామాజిక విషయాల కమిటీకి ఆయనే అధ్యక్షుడు. అంటే ఈ మండలికి పురుడు పోసినవాళ్ళలో కర్నూలు బిడ్డ ఒకడు. మన పోటీ పరీక్షల పుస్తకాల్లో ఇది ఒక మార్కు ప్రశ్న. నాకు మాత్రం వేరే ప్రశ్న. కులం సంగతి ఇంత దగ్గరగా తెలిసినాయన కుర్చీలో ఉన్నప్పుడైనా అంటరానితనం ఆ బల్ల మీదకి వచ్చిందా?

రాలేదు. కానీ రావచ్చనే ఆశ పుట్టింది. అది అమెరికా నుంచి వచ్చింది.

1946 జూన్‌లో అమెరికాలోని నల్లజాతివాళ్ళ సంఘం నేషనల్ నీగ్రో కాంగ్రెస్ ఒక వినతిపత్రం పట్టుకెళ్ళి ఐక్యరాజ్యసమితికి ఇచ్చింది. దేనికి రాశారు? సరిగ్గా ఈ ఆర్థిక సామాజిక మండలికే. మా దేశంలో మమ్మల్ని మనుషులుగా చూడట్లేదు, మీరు జోక్యం చేసుకోండి అని. ఆ వార్త బాబాసాహెబ్ కంట పడింది. 1946 జులైలో ఆయన నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబోయ్‌కి ఉత్తరం రాశారు. ఆ వినతిపత్రం ప్రతులు కావాలి, మేమూ అదే దారిలో వెళ్ళాలనుకుంటున్నాం అని. డుబోయ్ ఆ నెలాఖరుకే జవాబు రాశారు. మీ పేరు నాకు తెలుసు, మీవాళ్ళ పట్ల నాకు పూర్తి సానుభూతి ఉంది అని. ప్రపంచానికి రెండు మూలలున్న ఇద్దరు మనుషులు ఒకే గుమ్మం వైపు చూసిన నెల అది. ఆ చెల్లి అడిగిందాన్ని చూసి నవ్విన తమ్ముళ్ళు ఈ నెలని గుర్తుపెట్టుకోవాలి.

ఆ ఏడాదే ఇంకో సంగతి జరిగింది. దక్షిణాఫ్రికాలో భారతీయుల మీద జాతి వివక్ష చూపిస్తున్నారని భారతదేశం ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు చేసింది. ఆ భారతీయులెవరు? 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి నాటల్ చెరుకుతోటలకి కూలికెళ్ళినవాళ్ళు, వాళ్ళ పిల్లలు. వాళ్ళలో తెలుగువాళ్ళు ఎంతమందో. దక్షిణాఫ్రికా ఏం జవాబిచ్చింది? ఇది మా ఇంటి విషయం, బయటివాళ్ళకి సంబంధం లేదు అంది. ఆ వాదనని తోసేసి 1946 డిసెంబరులో సర్వసభ భారతదేశం పక్షాన తీర్మానం చేసింది. మంచి పనే, మనం గర్వపడాల్సిందే. కానీ ఆ వాదనని కూడా గుర్తుపెట్టుకోండి. కొన్నేళ్ళకి అదే వాదన మన ప్రభుత్వం నోట మన మీదకే వస్తుంది.

ఇక 1947. అంతకుముందు ఏడాదే ఎకోసోక్ తన కింద మానవహక్కుల కమిషన్ పెట్టింది. అంతే, ప్రపంచం నలుమూలల నుంచీ ఉత్తరాలు రావడం మొదలైంది. వలస దేశాల నుంచి, జైళ్ళ నుంచి, వివక్ష అనుభవించే జనం నుంచి. ఆ ఉత్తరాలని ఏం చేయాలి? 1947 ఆగస్టు 5న ఎకోసోక్ తీర్మానం చేసింది. మానవహక్కుల మీద వచ్చే ఫిర్యాదుల విషయంలో ఏ చర్యా తీసుకునే అధికారం కమిషన్‌కి లేదని. మన స్వాతంత్ర్యానికి సరిగ్గా పది రోజుల ముందు! తలుపు తట్టొచ్చు, తట్టిన చప్పుడు రిజిస్టర్లో రాసుకుంటాం, కానీ తియ్యం. దాని అర్థం అదే. ఇందులో అమెరికాకీ లాభమే, వలసలున్న బ్రిటన్‌కీ లాభమే. పెద్దోళ్ళ ఇళ్ళల్లో మురికి బయటికి రాకుండా అందరూ కలిసి తలుపు వేశారు.

బాబాసాహెబ్ ఏం చేశారు? 1951 అక్టోబరులో నెహ్రూ మంత్రివర్గం నుంచి బయటికొస్తూ ఇచ్చిన ప్రకటన చదవండి. షెడ్యూల్డ్ కులాల పరిస్థితి మీద ఐక్యరాజ్యసమితికి ఇవ్వటానికి ఒక నివేదిక తయారు చేశానని, కానీ ఇవ్వలేదని అందులో చెప్పారు. రాజ్యాంగసభకీ, రాబోయే పార్లమెంటుకీ ముందు ఒక అవకాశం ఇవ్వాలనుకున్నానన్నారు. ఎంత పెద్ద మాట! ప్రపంచం ముందు ఈ దేశాన్ని నిలబెట్టగల కాగితం చేతిలో ఉంచుకుని, ఈ దేశాన్ని నమ్మి ఆగిన మనిషి ఆయన. అంబేద్కర్ దేశభక్తిని ప్రశ్నించేవాళ్ళకి ఆ ఒక్క వాక్యం చాలు. ఆ నమ్మకానికి ఈ దేశం ఏం జవాబు చెప్పిందో అదే ప్రకటనలో ఆయన చెప్పుకున్న బాధని బట్టి తెలుస్తుంది.

తర్వాత తలుపు కొంచెం కొంచెంగా కదిలింది. ఆఫ్రికా, ఆసియా దేశాలు స్వతంత్రమై సభ్యులుగా వచ్చాక, దక్షిణాఫ్రికా జాతివివక్ష మీద ఒత్తిడి పెరిగాక, 1967లో ఎకోసోక్ తన పాత మాట మార్చుకుంది. తీవ్రమైన హక్కుల ఉల్లంఘనల్ని కమిషన్ పరిశీలించొచ్చు అంది. 1970లో 1503వ నంబరు తీర్మానంతో ఫిర్యాదులకి ఒక దారి పెట్టింది. కానీ ఆ దారి రహస్యం. ఒక మనిషికి జరిగిన అన్యాయాన్ని అక్కడ తీర్చరు. ఒకే తరహా ఘోరాలు పదేపదే జరుగుతున్నాయని చూపించాలి, ముందు సొంత దేశంలో అన్ని కోర్టులూ ఎక్కి ఉండాలి.

1985 జులై 17న కారంచేడు. 1991 ఆగస్టు 6న చుండూరు, దివిసీమకి అవతల, కృష్ణ దాటితే అప్పటి గుంటూరు జిల్లాలో. ఒకే తరహా ఘోరం పదేపదే జరగటం అంటే ఇది కాక ఇంకేంటి? 1503 అనే నంబరు ఒకటుందని ఆ రోజుల్లో మన పల్లెల్లో ఎంతమందికి తెలుసు? మనకి తెలిసింది చీరాల శిబిరం, దళిత మహాసభ, కోర్టు మెట్లు. చుండూరు కేసులో ప్రత్యేక కోర్టు 2007లో శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు కొట్టేసింది. సొంత దేశంలో కోర్టులు ఎక్కడమంటే ఎన్నేళ్ళో లెక్క వేసుకోండి.

మనవాళ్ళు అసలే వెళ్ళలేదా? వెళ్ళారు. 1983లో భగవాన్ దాస్ జెనీవాలో, మానవహక్కుల కమిషన్ కింద పనిచేసే ఉపకమిషన్ ముందు అంటరానితనం గురించి సాక్ష్యం చెప్పారు. అయితే దళితుల సంఘం పేరు మీద కుర్చీ లేదు. వేరేవాళ్ళకొచ్చిన అవకాశంలోంచి మాట్లాడాలి. చార్టర్ 71వ అధికరణం ప్రకారం ప్రజాసంఘాలకి ఎకోసోక్ సంప్రదింపుల హోదా ఇస్తుంది. ఆ హోదా ఉంటే పాస్ ఇస్తారు, కాగితం పెట్టొచ్చు, మానవహక్కుల సమావేశాల్లో నిమిషాల లెక్కన మాట్లాడొచ్చు. లేకపోతే ఎవరో ఒకరి బ్యాడ్జీ అరువు తెచ్చుకుని లోపలికెళ్ళాలి. జపాన్‌లో మనలాగే పుట్టుక పేరుతో వెలివేయబడ్డ బురాకు ప్రజలు నిలబెట్టిన సంస్థకి 1993లో ఆ హోదా వచ్చింది. వాళ్ళు మనకి చోటిచ్చారు. ఆ రుణం మరచిపోకూడదు.

2000 ఆగస్టులో ఆ ఉపకమిషన్ ఒక తీర్మానం చేసింది. అందులో కులం అనే మాట లేదు. పని, పుట్టుకల ఆధారంగా చూపే వివక్ష అన్నారు. పేరు గొప్పేంటి అనుకోవద్దు. 1917 బెజవాడ సభలో భాగ్యరెడ్డి వర్మ, మన పెద్దలు పంచములనే పేరు వద్దు, మేం ఆది ఆంధ్రులం అని ఎందుకన్నారు? పేరు మనది కాకపోతే వాదన మనది కాదు కాబట్టి. మరుసటి ఏడాది డర్బన్‌లో జాతివివక్ష వ్యతిరేక ప్రపంచ సదస్సు. మనవాళ్ళు వందల్లో వెళ్ళారు, డప్పు కొట్టారు. కులం జాతి కాదు, ఇది మా అంతర్గత విషయం అని భారత ప్రభుత్వం పట్టుబట్టింది. తుది పత్రంలో కులం లేదు. 1946లో దక్షిణాఫ్రికా అన్న మాట 2001లో దక్షిణాఫ్రికా గడ్డ మీదే మన ప్రభుత్వం అంది.

ఇక అసలు కథ. కోపెన్‌హాగన్ కేంద్రంగా పనిచేసే అంతర్జాతీయ దళిత సంఘీభావ వేదిక ఆ సంప్రదింపుల హోదా కోసం దరఖాస్తు పెట్టుకుంది. 2008లో అది కమిటీ ముందుకొచ్చింది. ఆ కమిటీలో 19 దేశాలు. అక్కడ ఒక అలవాటుంది. ఏ ఒక్క దేశమైనా ప్రశ్న వేస్తే దరఖాస్తు వచ్చే సమావేశానికి వాయిదా. జవాబిస్తే ఇంకో ప్రశ్న. మళ్ళీ వాయిదా. కులధ్రువీకరణ పత్రం కోసమో, ఇళ్ళస్థలం పట్టా కోసమో తిరిగినోళ్ళకి దీని పేరు చెప్పక్కర్లేదు. కొర్రీ! భారత ప్రతినిధులు అట్లా వందకి పైగా కొర్రీలు వేశారు. దాదాపు 15 ఏళ్ళు. ఆ కమిటీ చరిత్రలో అంతకాలం నానిన దరఖాస్తు ఇంకోటి లేదు. చివరికి 2022 డిసెంబరు 7న, కమిటీని దాటి, మొత్తం మండలిలోనే ఓటింగు పెట్టారు. అనుకూలం 24, వ్యతిరేకం 17, తటస్థం 12. దళితుల పేరున్న ఆ సంస్థకి హోదా వచ్చింది.

1946లో బాబాసాహెబ్ ఆ గుమ్మం వైపు చూసిన దగ్గర్నుంచి లెక్కేస్తే 76 ఏళ్ళు.

ఇక్కడ ఒక తమ్ముడు అడుగుతాడు: "అన్నా, ఇంత చేసి ఆ మండలి వల్ల మనకి ఒరిగిందేంటి?" న్యాయమైన ప్రశ్న. దానికి దివిసీమే జవాబు చెప్పాలి.

ఎకోసోక్ కింద ఆసియాకి ఒక ప్రాంతీయ కమిషన్ ఉంది. ఆఫీసు బ్యాంకాక్‌లో. అదీ, ప్రపంచ వాతావరణ సంస్థా కలిసి 1972లో బంగాళాఖాతం, అరేబియా సముద్రాల తుపాన్ల కోసం దేశాల కమిటీ ఒకటి పెట్టాయి. భారత్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక, బర్మా లాంటి దేశాలు, వాటి మధ్య ఎన్ని గొడవలున్నా, గాలి కబురు ఒకరికొకరు చెప్పుకోవాలి. తుపాన్లకి పేర్లు పెట్టేది ఆ ఏర్పాటే. 2013లో బందరు దగ్గర తీరం దాటిన హెలెన్ పేరు బంగ్లాదేశ్ ఇచ్చింది. 2023 డిసెంబరులో మన వరిని నీళ్ళల్లో ముంచిన మిచాంగ్ పేరు మయన్మార్ ఇచ్చింది. న్యూయార్క్‌లో ఉన్న మండలి చెయ్యి మన ఊరి రేడియో దాకా చాచింది ఇట్లాగే.

అయితే 1977 నవంబరు 19 నాటికి ఆ కమిటీ పుట్టి ఐదేళ్ళయింది. దివిసీమలో ఏమైంది? ఉప్పెన వచ్చింది. సుమారు 10,000 మంది పోయారు. కబురు బ్యాంకాక్ దాకా వెళ్ళే ఏర్పాటుంది గానీ, సొర్లగొంది దాకా, పాలకాయతిప్ప దాకా, కరకట్ట పక్కన మట్టిగోడల గుడిసెల దాకా రాలేదు. 1990 మేలో అంతే గట్టి తుపాను కృష్ణ ముఖద్వారం దగ్గరే దాటింది. ఈసారి ముందే 6 లక్షల మందికి పైగా జనాన్ని తరలించారు. పోయినవాళ్ళు దాదాపు 1,000. అదీ పెద్ద సంఖ్యే. కానీ తేడా చూడండి. దేశాలు కలిసి పనిచేసి, ఆ పని చివరి గుడిసె దాకా వస్తే, ప్రాణాలు నిలబడతాయి. మండలిని తీసిపారేసేవాళ్ళు ఈ రెండు సంఖ్యల్ని పక్కపక్కన పెట్టి మాట్లాడాలి.

కానీ ఆ 10,000లో మాలపల్లెల వాళ్ళెందరు? మాదిగపల్లెల వాళ్ళెందరు? యానాదులెందరు, పడవల మీద బతికేవాళ్ళెందరు? మన ఇళ్ళల్లో ఇప్పటికీ పెద్దవాళ్ళు ఆ రాత్రి గురించి చెబుతారు, ఏ ఇంట్లో ఎందరు పోయారో వేళ్ళ మీద లెక్క చెబుతారు. ఆ లెక్క మనం కాగితం మీద పెట్టామా? 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో సాయం పంచడంలో కులం అడ్డొచ్చిందని బయటపడింది. ఎందుకు బయటపడింది? దళిత సంఘాలు పల్లె పల్లె తిరిగి రాసుకున్నాయి కాబట్టి.

ఇప్పుడు ప్రపంచమంతా 2030 లక్ష్యాలంటోంది. 17 లక్ష్యాలు, ఎవర్నీ వెనక వదలకూడదనే మాట. ఏటా జులైలో ఎకోసోక్ ఆధ్వర్యంలో దేశాలు తమ ప్రగతి నివేదికలు చదువుతాయి. భారతదేశం 2017లో చదివింది, 2020లో చదివింది. అక్కడ చదివేది ప్రభుత్వం రాసిన లెక్క. మండలి ముందు లెక్క మాట్లాడుతుంది, కన్నీళ్ళు మాట్లాడవు. మన లెక్క లేకపోతే మనం లేనట్టే.

అందుకే చెల్లీ, నీ ప్రశ్నకి నా జవాబు ఇది. ఐక్యరాజ్యసమితికి ఉత్తరం రాయొచ్చు. మైనారిటీల హక్కులు, జాతివివక్ష, మహిళల మీద హింస, ఇట్లా ఒక్కో అంశానికి ప్రత్యేక ప్రతినిధులున్నారు. వాళ్ళకి ఎవరైనా రాయొచ్చు, వాళ్ళు ప్రభుత్వాన్ని వివరణ అడుగుతారు. 2016లో అట్లాంటి ప్రతినిధే కులవివక్ష మీద పూర్తి నివేదిక ఇచ్చింది. కానీ నీ ఊరికి అక్కణ్ణుంచి జీపు రాదు. ఒక మనిషి నేరుగా ఫిర్యాదు చేసే ఒప్పందాలకి మన దేశం ఒప్పుకోలేదు. స్టేషన్లో కేసు కట్టించాల్సింది, అట్రాసిటీ చట్టం కింద కోర్టులో నిలబెట్టాల్సింది ఇక్కడే, మనమే. ఆ మండలి మన పోరాటం చెయ్యదు. మన పోరాటం సాక్ష్యాలతో ఉంటే, దాన్ని దాచటం ప్రభుత్వానికి కష్టం చేస్తుంది. అంతవరకే. అది తక్కువేం కాదు.

బందరు, గుడివాడ, అవనిగడ్డ కాలేజీల్లో చదివే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒక పని చెబుతున్నా. ఈ సెలవుల్లో ఒక నోటుబుక్కు కొనండి. మీ పల్లెలో 77 ఉప్పెన చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళ దగ్గర కూర్చోండి. ఎవరు పోయారు, నష్టపరిహారం ఎవరికందింది, ఎవరికి అందలేదు, రాయండి. తుపాను షెల్టరు మీ పల్లెకి ఎంత దూరం, దాని తాళం ఎవరి దగ్గరుంటుంది, రాయండి. మిచాంగ్‌కి మునిగిన కౌలు పొలాల డబ్బులు దున్నినోడికి వచ్చాయా, భూమిగలాయనకి వెళ్ళాయా, రాయండి. తేదీ వేయండి, చెప్పినవాళ్ళ అనుమతి తీసుకోండి, వాళ్ళకి చదివి వినిపించండి. జిరాక్స్ తీసి ఒకటి మీ సంఘం దగ్గర పెట్టండి.

బాబాసాహెబ్ ఒక నివేదిక రాసి, ఈ దేశాన్ని నమ్మి, సొరుగులో ఉంచారు. ఆయన ఇచ్చిన గడువు ఎప్పుడో దాటిపోయింది. ఇప్పుడు తలుపు కొంచెం తెరిచి ఉంది. చేతిలో కాగితం లేకుండా ఆ తలుపు దగ్గరికి వెళ్ళొద్దు.

మీ పల్లెల్లో విన్నవి కింద రాయండి. వచ్చే భాగంలో వాటితోనే మొదలుపెడదాం.

జై భీమ్.